పేరు పోగొట్టుకొన్న పక్షి

పెంగ్విన్ అనగానే దక్షిణధ్రువపు మంచుపై నల్లకోటు తొడిగిన వకీలువలె నిటారుగా నడచు పక్షి ఎల్లరకును స్ఫురించును. కాని ఆ పేరు మొదట దానిది కాదు. ఐరోపా నావికులు దానిని ఎరుగకమునుపే ఉత్తర అట్లాంటిక్ సముద్రమందలి వేరొక పక్షిని పెంగ్విన్ అని పిలిచిరి. ఆంగ్లమున దానికి స్థిరపడిన మరియొక నామము గ్రేట్ ఆక్. అది నేడు లేదు.

దాని యెత్తు సుమారు రెండున్నర అడుగులు, బరువు ఇంచుమించు 5 కిలోలు. వీపు నలుపు, పొట్ట తెలుపు. కంటికిని ముక్కునకును నడుమ తెల్లని మచ్చ. రెక్కలు జానెడైనను లేవు. గాలిలో ఎగురలేకున్నను నీటిలో ఆ రెక్కలతోనే ఈదుచు చేపలను వేటాడెడిది. సంతానము కొరకే రాతిదీవుల కెక్కెడిది. ఏటికి ఒక్కటే గ్రుడ్డు.

వేల్సు భాషలో 'పెన్ గ్విన్' అనగా తెల్లతల. పేరునకు అదియే మూలమని కొందరందురు. లాటినున 'పింగ్విస్' అనగా క్రొవ్వినది. అదియే మూలమని మరికొందరు. నల్లని తలగల పక్షికి తెల్లతల యన్న పేరెట్లు పొసగును? మచ్చను చూచి యనిరో, రెట్టలతో తెల్లబడిన దీవికొమ్మును చూచి యనిరో! తరువాత దక్షిణసముద్రములకు పోయిన నావికులు అచ్చట అట్టి రూపమే కనబడగా పాత పేరే పెట్టిరి. ఫ్రెంచివారు మాత్రము నేటికిని 'పింగ్వాఁ' అని ఆక్ కుటుంబపు పక్షినే పిలుతురు. దక్షిణపు పక్షి వారికి 'మాన్షో'.

నిజమునకు ఈ రెండింటికిని దగ్గరి చుట్టరికము లేదు. గ్రేట్ ఆక్‌నకు సమీపబంధువైన రేజర్‌బిల్ నేటికిని చక్కగా ఎగురుచున్నది. పెంగ్విన్లకు దగ్గరివి ఆల్బట్రాస్ మొదలైనవి. తిమింగలమునకును చేపకును పోలిక వచ్చినట్లే, ఒకే తీరు బ్రతుకు రెండు వంశములకు ఒకే రూపము నొసగినది.

నేలపై పరుగిడలేని పక్షిని చంపుట యెంత సులభము! 1534లో జాక్ కార్టియే మనుష్యులు న్యూఫౌండ్లాండు చెంత ఫంక్ దీవిలో అరగంట లోపలనే రెండు పడవలు నింపిరి. అది ఆకలి, క్షమింపవచ్చును. తరువాత పరుపులకు ఈకలు కావలసివచ్చినవి. దీవిలో కట్టెలు లేకుండుటచే పక్షుల క్రొవ్వునే మండించి పక్షులను ఉడికించిరి. ఈ సంహారము ఆగనిచో జాతి నశించునని 1785లో జార్జి కార్ట్‌రైట్ హెచ్చరించెను. ఎవరును వినలేదు.

ఐస్‌లాండు దగ్గర అవి నివసించిన దీవి యొకటి 1830లో అగ్నిపర్వతోద్రేకమున మునిగిపోయెను. మిగిలినవి ఎల్డీ అను శిలను చేరినవి. అరుదైనకొలది వాటి చర్మములకు సంగ్రాహకు లిచ్చు వెల పెరిగెను. 1844 జూన్ నెలలో ముగ్గురు జాలరులు ఆ శిల యెక్కి, అచ్చట నున్న జంటను గొంతు నులిమి చంపిరి. కనబడిన యొక్క గ్రుడ్డును పగిలియుండుటచే విడిచిరి.

1858లో ఆల్ఫ్రెడ్ న్యూటన్, జాన్ వూలీ అను ఆంగ్ల పండితులు ఆ పక్షిని వెదకుచు వచ్చి, ఒడ్డున రెండు నెలలు వేచియుండిరి. అలలు శిలను చేరనీయలేదు. వారు వ్రాసికొనిపోయినది జాలరుల వాఙ్మూలమే. సముద్రపక్షుల రక్షణకు ఇంగ్లండులో 1869లో చట్టము వచ్చుటకు న్యూటన్ కృషియు తోడ్పడెను.

ఆ జంట లోపలి అవయవములు కోపెన్‌హాగెన్ నగరమున సీసాలలో భద్రముగా నున్నవి. మగపక్షి చర్మము బ్రస్సెల్స్ ప్రదర్శనశాలలో నున్నదని 2017లో జన్యుపరీక్షవలన తేలెను.