చాటు విలువ

ఫ్రాన్సు దేశపు యుబిసాఫ్ట్ సంస్థ 2007లో వెలువరించిన 'అస్సాసిన్స్ క్రీడ్' అను వీడియో గేమ్‌లో, జనసమ్మర్దము నడుమ కలసిపోయి నడచి, శత్రువును సమీపించి, ఒక్క వేటుతో హతమార్చి అదృశ్యుడగుటయే వీరుని వృత్తి. ఐనను ఆ ఆటను కొంతసేపాడిన వారికి, దాగుకొనుట కన్న కత్తి దూయుటయే సులభమని తోచక మానదు. ఏలయన, పదిమంది భటులు చుట్టుముట్టినను వంతులు వేసికొన్నట్లు ఒక్కొక్కరే పైకి వచ్చుటయు, తగిన క్షణమున బటన్ నొక్కినంతనే వచ్చినవాడు వచ్చినట్లు కూలుటయు అందలి యుద్ధపద్ధతి. మన చిందు భాగోతములలోని రాక్షసులే ఇంతకన్న కట్టుగా పోరాడుదురు! పట్టుబడినను నష్టము లేనపుడు పట్టుబడకుండుటకై శ్రమించువాడెవ్వడు?

ఈ లోపమును సవరించుటకు నిర్మాతలకు చాలకాలము పట్టినది. ఈ ఆటల వరుసలోనే 2014 నాటి 'యూనిటీ'లో వంగి నడచుటకు ప్రత్యేకముగ ఒక బటన్‌ను కల్పించి, యుద్ధమును కఠినతరము గావించిరి. 2017 నాటి 'ఆరిజిన్స్'లో ఆయుధము నిజముగ తాకిననే దెబ్బయగునట్లు మార్చిరి గాని, ఆటగానికిని భటునకును స్థాయిభేదములు పెట్టుటచే, చాటునుండి పొడిచినను చావని భటులు దాపురించిరి. ఇది నాకు రుచింపలేదు. తొమ్మిదవ శతాబ్దపు బాగ్దాదు నగరమున నడచు 'మిరాజ్' 2023లో మరల చాటునకు పెద్దపీట వేసినది. 2025లో వచ్చిన 'షాడోస్' జపానును రంగముగ గొని, దీపములార్పి, నేలపై ప్రాకి చీకటిలో మెలగు నావొయె అను యువతికిని, దాగుట చేతగాని మహాబలుడు యసుకెకును పనిని పంచియిచ్చినది.

వీనికన్న నాకు నచ్చినది ఈ వరుసలోనే 2016లో వచ్చిన చిన్న యాట, 'క్రానికల్స్: ఇండియా'. కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరకినదని ప్రతీతిగల కోహినూరు వజ్రమే అందలి కథకు కీలకము, కాలము 1841. అందు ప్రతి భటుని చూపు ఎంతదూరము ప్రసరించునో తెరమీదనే గీసి చూపుదురు. పలువురితో ఒక్కమారు తలపడుట ప్రాణాంతకము. కావున ఆటగాడు కత్తికన్న ముందు కాలమును, దూరమును లెక్కించును.

కోటల నెరిగినవారికి ఇది క్రొత్త విద్య కాదు. కరీంనగరమునకు చేరువన, మానేటి యొడ్డున నున్న ఎలగందుల కోటలో కందకమును, ద్వారములను, ఎత్తును కూర్చినవారు ఆలోచించినది కావలివాని కన్నును గూర్చియే. ఆటలు నిర్మింపగోరు మన జిల్లా యువకులు క్రొత్త కత్తులను చిత్రించుటకు ముందు ఆ కోటనెక్కి, పైనుండి ఏ త్రోవ కనబడునో, ఏది కనబడదో పటము గీసికొనవలెనని నా విన్నపము.