మీ కుక్క పిల్లలు పెట్టబోతోందా?

కడుపుతో ఉన్న కుక్క పొద్దుట్నించి ముద్ద ముట్టకపోతే అజీర్తి చేసిందనుకుంటాం. వసారాలో గోనెపట్టా గీకి గీకి చింపేస్తుంటే కసురుకుంటాం. పాపం, నోరులేని జీవి మనకు కబురు చెబుతోందన్నమాట!

అమలాపురంలో మా పక్కింటి పిన్నిగారి పొమరేనియన్‌కి ఓ రాత్రి నొప్పులొచ్చాయి. "తెల్లారాక చూద్దాంలే" అనుకున్నారు. తెల్లారి డాక్టరుగారొచ్చేసరికి తల్లి దక్కింది గానీ పిల్లలు దక్కలేదు. అందుకే ఈ నాలుగు విషయాలూ తెలుసుకుని ఉండండి.

రోజుల లెక్క

కుక్క చూలు సుమారు 63 రోజులు. 58 నుంచి 68 రోజుల మధ్య ఎప్పుడైనా పెట్టవచ్చు. కాబట్టి జతకట్టిన తేదీ క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఆఖరి వారంలో పొట్ట కిందకి జారుతుంది, చనుమొనలు ఉబ్బుతాయి. కొన్నింటికి పాలు ముందే పడతాయి, కొన్నింటికి పిల్లలు పుట్టాకే. కనుక పాలొక్కటే చూసి లెక్క వేయకండి.

థర్మామీటరు చూడండి

57వ రోజు నుంచి ఉదయం, సాయంత్రం జ్వరం చూడండి. దీనికి వేరే థర్మామీటరు ఉంచుకోవాలి. కొనకి కాస్త కొబ్బరినూనె రాసి, మలద్వారంలో మెల్లగా పెట్టి చూడాలి. కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. అది 99కి దిగువగా పడితే సాధారణంగా 24 గంటల్లోపు నొప్పులు మొదలవుతాయి. ఈ తగ్గుదల కొన్ని గంటలే ఉంటుంది. ఒక్కపూట మానేసినా తెలియకుండా పోవచ్చు.

ఆ రోజు తిండి మానేస్తుంది. రొప్పుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి వాంతి చేసుకుంటుంది. మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటూ నాక్కుంటుంది. కొన్ని మన కొంగు వదలవు, కొన్ని గడ్డిమేటు చాటుకో మంచం కిందకో పోతాయి.

చోటు ముందే చూడండి

వారం ముందే గాలివాన తగలని మూల చూసి, అట్టపెట్టెలోనో గంపలోనో పాత చీరలు, దుప్పట్లు పరిచి అలవాటు చేయండి. వానాకాలమైతే పెరట్లో కాకుండా మెరక మీద ఉండాలి. 2022 జూలై వరదలో లంక గ్రామాల్లోకి నీళ్లు రావడం చూశాం కదా! లంకల్లో ఉండేవారు గోదావరి పెరుగుతోందనగానే దాన్ని గట్టుకి చేర్చేయడం మంచిది.

తెల్లారేదాకా ఆగకూడనివి

• గట్టిగా ముక్కుతూ అరగంటైనా పిల్ల రాకపోతే.
• లోపల ఇంకా పిల్లలుండీ రెండు గంటలు దాటినా తర్వాతి పిల్ల రాకపోతే.
• మొదటి పిల్లకి ముందే ముదురాకుపచ్చ ద్రవం కనిపిస్తే.
• రక్తం ధారగా పోతుంటే.
• వేడి 99కి దిగువగా పడి 24 గంటలైనా నొప్పులు రాకపోతే.

వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువుల డాక్టరుగారిని పిలవండి. రాత్రిపూట ఎవరొస్తారో ముందే కనుక్కుని ఆ నంబరు గోడకి రాసి ఉంచండి. ఎవరో చెప్పారని నొప్పుల ఇంజక్షను మాత్రం చేయించకండి. పిల్ల అడ్డం తిరిగి ఉంటే తల్లికే ప్రమాదం. డాక్టరు చెప్పకుండా చూలులో కాల్షియం మాత్రలు కూడా వేయవద్దు.

పుట్టాక

పిల్ల మొహం మీది పొరని తల్లి నాకి తీసేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో తీయకపోతే మీరే శుభ్రమైన గుడ్డతో తీసి, ఒళ్లు తుడుస్తూ రుద్దండి. పాలిచ్చే రోజుల్లో తల్లి వణుకుతూ కాళ్లు బిగదీసుకుంటే కాల్షియం పడిపోయిందేమోనని అనుమానించాలి. క్షణం ఆలస్యం చేయకండి.

పిల్లలున్న కుక్క దగ్గరకి మన పిల్లల్ని పోనీయవద్దు. ఎంత సాధువైనా కరవొచ్చు. అది రోజూ అన్నం పెట్టే చేతినే నమ్ముతుంది. ఆ రాత్రి దగ్గరుండవలసింది మీరే.