స్టూవర్టుపురం సెటిల్మెంటు

స్టూవర్టుపురం సెటిల్మెంటు, బాపట్ల సమీపంలో 1910వ దశకంలో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఏర్పడిన నిర్బంధ నివాసం. మద్రాసు ప్రభుత్వంలో ఉన్నతాధికారియైన హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దీనికి పెట్టారు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం క్రింద ఎరుకల కుటుంబాలను ఇక్కడ ఉంచారు. ఇది జైలు కాదు. అయినా వేలిముద్రలిచ్చి నమోదైనవారు నిర్ణీత వేళలకు హాజరు పలకవలసి ఉండేది; పాసు లేకుండా పొలిమేర దాటడమే నేరం. అమెరికాలో ప్రొబేషన్ గాని, భారతదేశంలో 1958 నాటి ప్రొబేషన్ చట్టం గాని న్యాయస్థానం దోషిగా తేల్చినవారికే వర్తిస్తాయి. ఇక్కడ పుట్టిన కులమే చాలు, విచారణతో పనిలేదు, గడువూ లేదు. దీనిని సంస్కరణ అని పిలవడం విడ్డూరమే. చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952లో రద్దయింది. అయితే 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టం వచ్చినందున పోలీసు నిఘాకు మరో దారి మిగిలింది. 1970వ దశకంలో హేమలతా లవణం ఈ కుటుంబాల మధ్య పునరావాస కృషి చేశారు.