అంగీలు చూపించిన విధవరాండ్రు

యొప్పే సముద్రతీరంలోని ఒక రేవు పట్టణం. అక్కడ తబితా అనే శిష్యురాలు ఉండేది. గ్రీకు భాషలో ఆమె పేరు దొర్కా. రెండు పేర్లకూ లేడి అనే అర్థం. ఆమె జబ్బుచేసి చనిపోయింది. శవాన్ని కడిగి మేడగదిలో ఉంచారు. దగ్గరలోని లుద్ద ఊళ్లో ఉన్న పేతురుకు కబురు పంపారు. ఆయన వచ్చి మేడ ఎక్కేసరికి విధవరాండ్రందరూ ఏడుస్తూ చుట్టూ నిలబడ్డారు. దొర్కా తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను ఆయనకు చూపించారు (అపొ.కా. 9:36-42).

పేతురు మోకరించి ప్రార్థించాక దొర్కా లేచి కూర్చుంది. ఈ భాగాన్ని ధ్యానించేటప్పుడు మన మనసు ఆ అద్భుతం దగ్గరికే పరుగెడుతుంది. కానీ దానికి ముందు ఆ గదిలో జరిగినది కూడా ఆలోచించదగినదే. ఆ స్త్రీలు దొర్కాను పొగిడారని లూకా రాయలేదు. ఆమె కుట్టిన బట్టలు చూపించారని రాశాడు. గ్రీకు మూలంలోని క్రియను బట్టి, ఆ బట్టలను వారు ఒంటిమీద వేసుకునే చూపించారని కొందరు వ్యాఖ్యాతలు అంటారు. అంటే ఆమె చేసిన మేలు వారి భుజాల మీదే ఉంది. మనం ఇళ్లలో జరుపుకునే జ్ఞాపకార్థ కూడికలకు ఇంతకన్నా మంచి మాదిరి మరొకటి లేదు.

మేము ఎరిగిన నర్సాపురం ప్రాంతంలో ఈ వాక్యభాగం చదివినప్పుడల్లా ఒక ప్రత్యేకమైన అర్థం తోస్తుంది. నర్సాపురం వశిష్ఠ గోదావరి ఒడ్డున, సముద్రానికి చేరువలో ఉన్న చిన్న పట్టణం. 1836లో ఇంగ్లండు నుంచి భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాల సేవతో ఇక్కడ గోదావరి డెల్టా మిషన్ వేళ్లూనుకుంది. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల స్త్రీలు ఈ ప్రాంతపు ఆడవాళ్లకు లేసు అల్లిక నేర్పారు. అది ఊరూరికీ, కులాల గీతలు దాటి గడపగడపకూ పాకింది. అరుగుల మీద, చెట్ల నీడన కూర్చుని ఒక సూది, ఒక దారపు ఉండతో మూడు నాలుగు తరాల స్త్రీలు కుటుంబాలను పోషించారు. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

మరి ఆ అల్లిన చేతుల సంగతి ఏమిటి? సమాధుల తోటలోకి వెళ్లి చూడండి. ఈస్టరు ముందు సున్నాలు వేసి, రంగులు పూసి, ఆదివారం తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించే ఆ సమాధుల మీద ఏముంటుంది? పేరు, పుట్టిన తేదీ, ప్రభువు పిలిచిన తేదీ, ఒక వాక్యం. స్త్రీ అయితే ఎవరి భార్యో కూడా ఉంటుంది. యాభై ఏళ్లు లేసు అల్లిన మనిషి అని రాసిన రాయి మాకు ఎక్కడా కనబడలేదు. మరణ నమోదు కాగితంలో వృత్తి దగ్గర 'గృహిణి' అని రాసేస్తారు. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ నర్సాపురం లేసు కార్మికురాళ్ల మీద ఒక పుస్తకం రాశారు. అది 1982లో వెలువడింది. ఈ స్త్రీలు ఇంటిని నిలబెట్టే పని చేస్తున్నా, ఆ పనిని తీరిక వేళల కాలక్షేపంగా లెక్కకట్టి, వారిని వట్టి గృహిణులుగానే చూశారన్నది ఆమె వాదన. వ్యాపారులే కాదు, వారి సొంత ఇళ్లవారూ అలాగే చూశారు.

అడిగితే గదా చెప్తాం

కొన్నేళ్ల కిందట ఒక ఇంట్లో జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాం. ఒక తల్లి ప్రభువునందు నిద్రించి ఏడాది అయింది. వాకిట్లో షామియానా వేశారు. ఆమె నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. కొడుకులు దూరప్రాంతాల నుంచి వచ్చారు. భోజనాలు ఘనంగా ఏర్పాటు చేశారు. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. గొప్ప ప్రార్థనాపరురాలు, భక్తిగల తల్లి, ఆదర్శ గృహిణి అన్నారు. అవి అబద్ధాలు కావు. కానీ ఫ్లెక్సీ మీద ఫొటో మార్చితే పక్క వీధిలో చనిపోయినామెకూ ఆ మాటలే సరిపోతాయి.

చివరన, వెనక వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ తానూ మాట్లాడతానంది. ఆమె మైకు పట్టుకోలేదు. పెద్దకొడుకు వైపు తిరిగి, "మీ అమ్మకి నోరు పెద్దదిరా అబ్బాయ్. అప్పడిగితే ముందు తిట్టేది, తరవాత కొంగుముడి విప్పేది" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "మా ఆయన పోయినప్పుడు మూడు నెలలు నాకు చేతులాడలేదు. ఏజెంటు నా పని ఇంకొకరికి ఇస్తానన్నాడు. మీ అమ్మ పగలు తన లేసు అల్లుకుని, రాత్రుళ్లు నా వంతు అల్లింది. కూలి మాత్రం నా పేరునే రాయించింది. నా పిల్లలు ఆ మూడు నెలలూ పస్తులుండలేదంటే అదే" అంది.

పెద్దకొడుకు తల దించుకున్నాడు. "మాకీ సంగతి తెలీదు పిన్నీ. మా ఫీజులకి నాన్న జీతమే సరిపోయిందనుకున్నాం. అమ్మ ఊరికే కూర్చోలేక అల్లుతుందనుకునేవాళ్లం" అన్నాడు. ఆ ముసలావిడ, "అడిగితే గదా చెప్తాం" అని కూర్చుంది.

ఆ రోజు మేము ఎంచుకున్న వాక్యం వేరు. దాన్ని పక్కనపెట్టి దొర్కా వృత్తాంతం చదివాం. వివరించవలసిన అవసరం రాలేదు. యొప్పే విధవరాండ్రలో ఒకామె అప్పుడే మాట్లాడి కూర్చుంది.

జ్ఞాపకం అంటే కార్యం

చనిపోయినవారిని తలచుకోవడం అసలు వాక్యానుసారమేనా అని కొందరు విశ్వాసులు అడుగుతుంటారు. వారి భయంలో అర్థం ఉంది. చనిపోయినవారితో మాట్లాడే ప్రయత్నాలను ధర్మశాస్త్రం నిషేధించింది (ద్వితీ. 18:10-12). మృతుల కోసం ప్రార్థించే విషయంలో కతోలిక సంఘానికీ ప్రొటెస్టెంటు సంఘాలకూ భేదం ఉంది. కతోలిక సహోదరులు నవంబరు 2న సమాధుల పండుగనాడు మృతుల ఆత్మశాంతికై ప్రార్థిస్తారు. ప్రొటెస్టెంటు సంఘాలు బ్రతికినవారి ఆదరణకై ప్రార్థిస్తాయి. కానీ మృతులను మరచిపొమ్మని ఏ సంఘమూ చెప్పదు. తిమోతికి ఉత్తరం రాస్తూ పౌలు అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనూ పేరుపెట్టి తలచాడు. అతని విశ్వాసం ముందుగా వారిలో వసించిందని గుర్తుచేశాడు (2 తిమోతి 1:5).

పాత నిబంధనలో జ్ఞాపకం చేసుకోవడానికి వాడిన హెబ్రీ మాట 'జాకర్'. అది మనసులో మెదలడంతో ఆగే మాట కాదు. దేవుడు నోవహును జ్ఞాపకం చేసుకున్నాడు, వెంటనే గాలి విసిరింది, నీళ్లు తగ్గాయి (ఆది. 8:1). రాహేలును జ్ఞాపకం చేసుకున్నాడు, ఆమె గర్భవతి అయింది (ఆది. 30:22). అబ్రాహాముతో చేసిన నిబంధనను జ్ఞాపకం చేసుకున్నాడు, మోషేను పిలిచి ఐగుప్తుకు పంపాడు (నిర్గమ. 2:24). దేవుని జ్ఞాపకం ఎప్పుడూ కార్యంగా మారుతుంది. మన జ్ఞాపకం మాత్రం ఫ్లెక్సీ దగ్గరా, భోజనాల దగ్గరా ఎందుకు ఆగిపోవాలి? అప్పు చేసి వెయ్యి మందికి విందు పెట్టిన ఇళ్లున్నాయి. ఆ తల్లి చేసిన మేలును ఒక్క విధవరాలికి తిరిగి చేసి చూపితే, అది విందు మరునాటికి కూడా నిలిచే జ్ఞాపకం అవుతుంది.

మంచి చెప్పలేని చోట

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. అందరి ఇళ్లలోనూ దొర్కాలు ఉండరు. తాగి వచ్చి తల్లిని కొట్టిన తండ్రి ఉంటాడు. కుటుంబాన్ని గాలికి వదిలేసి ఎటో వెళ్లిపోయిన భర్త ఉంటాడు. అటువంటి మనిషి జ్ఞాపకార్థ కూడికలో ఏం చెప్పాలి? 'మా నాన్న దేవుడులాంటివాడు' అని కూతురి చేత చెప్పిస్తే ఆమె గాయం మీద మనమే కారం చల్లినట్టు.

పరిశుద్ధ గ్రంథం ఎవరి జీవితాన్నీ సున్నం కొట్టి దాచలేదు. యెహోరాము రాజు ఎవరికీ ఇష్టం లేనివాడై చనిపోయాడని ఉన్నదున్నట్టు రాసింది (2 దిన. 21:20). మత్తయి యేసు ప్రభువు వంశావళి రాస్తూ సొలొమోను తల్లి పేరు చెప్పలేదు, ఊరియా భార్య అన్నాడు. దావీదు పాపాన్ని ఆ ఒక్క మాటతో తరతరాలకూ కనబడేలా ఉంచాడు.

అదే దావీదు, తనను చంపాలని తరిమిన సౌలు చనిపోయినప్పుడు ఏం చేశాడో చూడండి. సౌలు తనను ప్రేమించాడని ఆ విలాప గీతంలో అబద్ధం చెప్పలేదు. తనమీదికి విసిరిన ఈటెను ఎత్తి చూపనూ లేదు. సౌలు చేసిన పనుల్లో నిజమైనదాన్ని ఎంచి చెప్పాడు. ఇశ్రాయేలు కుమార్తెలకు ఎర్రని వస్త్రాలు ధరింపజేశాడని చెప్పి, ఆయన కోసం ఏడవమన్నాడు (2 సమూ. 1:24). ఇక్కడా చూపించింది బట్టలే. మంచి తక్కువైన మనిషి గురించి కూడా నిజంగా చేసినదాన్ని చెప్పవచ్చు. అది ఒక్క మాటే అయితే ఒక్క మాటే చెప్పి కూర్చోవచ్చు. ఏమీ చెప్పలేనివారు మౌనంగా ఉండవచ్చు. వారి చేత బలవంతంగా పొగిడించే అధికారం సంఘానికి లేదు, పాస్టరుకూ లేదు.

చెప్పుకునే అవకాశం రానివారు

మన చిన్న పట్టణాల్లో తలచుకోవడానికే వీలుపడని చావులు కూడా ఉన్నాయి. 2020, 2021 సంవత్సరాల్లో కరోనాతో పోయిన ఎందరినో, రక్షణ దుస్తులు వేసుకున్న నలుగురు సిబ్బంది భూస్థాపన చేశారు. బిడ్డలు దూరంగా నిలబడ్డారు. పాట లేదు, పక్కన కూర్చుని ఏడ్చే బంధువు లేడు. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికోసం కువైట్, మస్కట్ వంటి చోట్లకు వెళ్లిన స్త్రీలు తల్లి సమాధిని ఫోనులోనే చూసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఆ దుఃఖం లోపలే గడ్డకట్టిపోయింది.

అటువంటి కుటుంబాలకు మా మనవి ఒక్కటే. ఇన్నేళ్లయింది, ఇప్పుడెందుకు అనుకోకండి. ఒక సాయంకాలం నలుగురు పొరుగువారిని పిలవండి. ఖర్చు అక్కరలేదు, టీ చాలు. ఆ మనిషితో పనిచేసినవారిని, అప్పు తీసుకున్నవారిని, పోట్లాడినవారిని కూడా మాట్లాడనివ్వండి. పరదేశంలో ఉన్న బిడ్డను ఫోనులో కూర్చోబెట్టండి. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని పౌలు రాశాడు గాని (1 థెస్స. 4:13), దుఃఖమే వద్దనలేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు కన్నీళ్లు విడిచాడు (యోహాను 11:35).

సంఘాలు కూడా కొంత చేయవచ్చు. ప్రతి సంఘంలో బాప్తిస్మాలు, వివాహాలు, భూస్థాపనల రిజిస్టర్లు ఉంటాయి. భూస్థాపన రిజిస్టరులో పేరు, వయసు, తేదీ రాస్తాం. పక్కన మరో పుస్తకం పెట్టి, ఆ మనిషి బ్రతుకంతా చేసిన పని ఏమిటో, ఎలా విశ్వాసంలోకి వచ్చారో, ఎవరికి ఏ మేలు చేశారో పది వాక్యాలు రాసి ఉంచవచ్చు. జ్ఞాపకార్థ కూడికలో ప్రసంగాలు ఒకటికి తగ్గించి, మిగిలిన సమయం పొరుగువారికి ఇవ్వవచ్చు. సమాధి రాయి మీద 'లేసు అల్లి బిడ్డలను చదివించింది' అని ఒక వరుస చేర్చడానికి శిల్పి పెద్దగా అడగడు.

అన్నిటికన్నా ముందు చేయవలసినది ఇంకొకటి ఉంది. చనిపోయినవారిని గురించి చెప్పగల ముసలివాళ్లు ఇంకా మన మధ్యనే ఉన్నారు. చూపు మందగించి, సూది పక్కన పెట్టేసి, అరుగు మీద ఒంటరిగా కూర్చుంటున్నారు. వారితోపాటే ఇంకో పదిమంది జీవితాలు మట్టిలోకి వెళ్లిపోతాయి. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి వారి పక్కన కూర్చోండి. 'అమ్మమ్మా, మీ అమ్మ ఏం పని చేసేది?' అని పిల్లల చేతనే అడిగించండి. వారు చెప్పేది ఓపికగా వినండి, రాసుకోండి. దొర్కాలు మన వీధుల్లోనూ బ్రతికారు. వారు కుట్టిన అంగీలను మన పిల్లలు కళ్లారా చూడాలి.