సముద్రగర్భ కేబుళ్లు, ఉపగ్రహాలు: ఇంటర్నెట్‌కు ఏది ఆధారం?

ఖండాల మధ్య సాగే ఇంటర్నెట్ సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రగర్భ కేబుళ్ల ద్వారానే ప్రయాణిస్తుంది. ఉపగ్రహాల వాటా స్వల్పం. సూరత్ పరిధిలోని ఉన్ నుంచి విదేశాలకు చేసే వీడియో కాల్ ముందు భూమిలోని ఫైబర్ మీదుగా ముంబయి వంటి తీర నగరానికి చేరి, అక్కడ సముద్రంలోకి దిగుతుంది. ముంబయితో పాటు చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురంలో ఇలాంటి కేబుల్ కేంద్రాలున్నాయి.

కేబుల్ మధ్యలో వెంట్రుకంత సన్నని గాజుపోగులు ఉంటాయి. వాటిలో సమాచారం కాంతి రూపంలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. దారిలో కాంతి క్షీణిస్తుంది కాబట్టి 60 నుంచి 100 కిలోమీటర్లకు ఒకటి చొప్పున దాన్ని బలపరిచే పరికరాలు అమరుస్తారు. వాటికి కరెంటు తీరం నుంచే, అదే కేబుల్‌లోని రాగి పొర ద్వారా అందుతుంది. సుమారు 3,200 కిలోమీటర్ల చెన్నై–సింగపూర్ కేబుల్‌ను కాంతి సెకనులో అరవయ్యో వంతు కాలంలో దాటేస్తుంది.

భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికే పావు సెకను, జవాబు అందేసరికి అర సెకను పడుతుంది. సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగే స్టార్‌లింక్ వంటి ఉపగ్రహాలతో ఈ ఆలస్యం బాగా తగ్గింది. సామర్థ్యం కొరత మాత్రం తీరలేదు. రేడియో తరంగాల పరిధి పరిమితం. దాన్నే అందరూ పంచుకోవాలి. 2024 నవంబరులో ప్రయోగించిన ఇస్రో ఉపగ్రహం జీశాట్-ఎన్2 సామర్థ్యం సెకనుకు 48 గిగాబిట్లు. నేటి కొత్త కేబుళ్లలో ఒక్క జత పోగులే అంతకు 200 రెట్లకు పైగా మోయగలవు.

ఈ తేడాను అండమాన్ దీవులు కళ్లారా చూశాయి. తెలుగువారు గణనీయంగా స్థిరపడిన పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చాలాకాలం ఉపగ్రహాల మీదే ఆధారపడింది. వేగం తక్కువ, ఖర్చు ఎక్కువ. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభం కావడంతో పోర్ట్ బ్లెయిర్‌కు సెకనుకు 400 గిగాబిట్ల సామర్థ్యం సమకూరింది.

కేబుళ్లకూ బలహీనత ఉంది. ఓడల లంగర్లు, చేపల వలలు తగిలి తరచూ తెగుతాయి. 2008 జనవరిలో ఈజిప్టు వద్ద కేబుళ్లు తెగి భారత్‌లో ఇంటర్నెట్ మందగించింది. 2022 జనవరిలో అగ్నిపర్వతం పేలి టోంగా దీవుల కేబుల్ తెగినప్పుడు, మరమ్మతు పూర్తయ్యేదాకా ఉపగ్రహాలే ఆదుకున్నాయి. అడవులు, కొండలు, నడిసముద్రంలోని ఓడలకూ అవే దిక్కు.

అందుచేత ఉపగ్రహం కేబుల్‌కు తోడే కాని ప్రత్యామ్నాయం కాదు. కేబుళ్లు కూడా ఒకటి రెండు నగరాల్లోనే పోగుపడకుండా తీరమంతా విస్తరించాలి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి ప్రకటించిన అంతర్జాతీయ సముద్రగర్భ కేబుల్ కేంద్రం పూర్తయితే, తూర్పు తీరంలో చెన్నై మీద భారం తగ్గి, దేశానికి మరో దారి ఏర్పడుతుంది.