కారే చోటు వేరు, కారణం వేరు



పుల్లలచెరువు మండలంలో మాది బస్సులు తక్కువగా వచ్చే పల్లె. 2019లో అమ్మకు మూత్రపిండాల జబ్బు ముదిరింది. వారానికి రెండుసార్లు మార్కాపురం తీసుకువెళ్లి డయాలసిస్ చేయించవలసి వచ్చింది. ఈ పశ్చిమ ప్రాంతపు పల్లెల్లో ఆ జబ్బు సంగతి తెలియనివారు తక్కువ. తెల్లవారుజామున బస్సు కోసం అమ్మను రోడ్డు మీద కూర్చోబెట్టలేక, రెండు గేదెలను అమ్మి, ఒక పాత మారుతి 800 కారు కొన్నాము. అమ్మినాయన పక్క ఊరి సంఘస్థుడే. నెమ్మదస్థుడని అందరూ చెప్పారు.

మారుతి 800 మొదట 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. మేము కొన్నది 1998లో తయారైన కార్బురేటర్ బండి. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజను.

మా వాకిట్లో పరిచినవి మార్కాపురం నల్ల పలకరాళ్లు. వాటి మీద ఆయిల్ చుక్క పడినా కనబడదు. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, గుడి ఆవరణలో సిమెంటు నేల మీద అరచేతి వెడల్పున మరకను అయ్యగారు చూశారు. "ఏమండీ, మీ బండి కిందేనా?" అని అడిగారు. అప్పుడు గాని మేము బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీసి చూడలేదు. ఆయిల్ కింది గీత కంటే దిగువన ఉంది! అమ్మను ఎక్కించుకుని అన్నాళ్లు అలాగే తిరిగామా అని గుండె ఝల్లుమన్నది.

తొందరపాటు మాటలు

మరునాడు పట్టణంలో ఒక షెడ్డుకు తీసుకువెళ్లాము. మెకానిక్ కిందికి వంగి చూసి, "ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య కారుతోంది. క్రాంకు వెనక సీలు పోయింది. గేర్‌బాక్సు దించాలి. 12 వేలవుతుంది" అన్నాడు. ఆ నెల మా చేతిలో ఉన్నది అమ్మ మందులకే చాలదు. ఇంటికి వస్తూ దారి పొడుగునా, అమ్మినాయన తెలిసే మనకు అంటగట్టాడని అనుకున్నాము. అనుకోవడంతో ఆగలేదు, ఇద్దరు ముగ్గురి దగ్గర ఆ మాట అన్నాము కూడా. అది తరువాత మమ్మల్ని ఎంతో బాధపెట్టింది.

మా ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన ఒకరున్నారు. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అబ్బాయ్, కారే చోటు చూడడం కాదు, కారడం ఎక్కడ మొదలైందో చూడాలి. తొందరపడి డబ్బు కట్టబాకండి" అన్నారు. ఆయన దగ్గర మేము నేర్చుకున్నది మీకూ ఉపయోగపడునని ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు ఏది కారుతోందో తెలుసుకోవాలి

కారు కింద పడిన తడి అంతా ఇంజన్ ఆయిల్ కాదు. రాత్రి కారు కింద పాత న్యూస్‌పేపర్లు పరచి, చక్రాలు ఉన్నచోట గుర్తు పెట్టుకోండి. తెల్లవారి చూస్తే ఏ భాగం కింద చుక్కలు పడ్డాయో తెలుస్తుంది. గోధుమ రంగులోనో నల్లగానో జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిల్. చిక్కగా ఉండి గంధకం వంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్. రంగునీళ్లలా ఉండి వేళ్లకు జారుడుగా తగిలితే రేడియేటర్ కూలెంట్. చక్రాల దగ్గరగానీ, బ్రేకు పెడల్ వైపుగానీ పలుచని నూనెలాంటి తడి ఉంటే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు. అట్టి బండిని కదపవద్దు. పెట్రోలు వాసన వస్తే అగ్గిపుల్ల గీయకుండా, స్టార్టు చేయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి. ఏసీ నుండి పడేవి మాత్రం వట్టి నీళ్లు.

మా పేపరు మీద పడింది ఇంజన్ ఆయిలే.

పౌడరుతో పరీక్ష

ఆయిల్ పైనుండి కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. దుమ్ము దానికి అంటుకుని ఇంజనంతా ఒకే మురికిగా కనబడుతుంది. కనుక పెద్దాయన మొదట ఇంజను పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ విప్పి, కిరసనాయిలులో ముంచిన కుంచెతో కరెంటు భాగాలకు తగలకుండా మురికి కడిగించారు. పొడి గుడ్డతో తుడిచి, వాసన పోయేదాకా ఆరనిచ్చారు. ఆ తరువాత, పిల్లలకు పూసే పౌడరును అనుమానం ఉన్న అతుకుల మీద చల్లారు. బండిని యర్రగొండపాలెం దాకా నడిపి తెచ్చి చూశాము.

తెల్లని పౌడరులో తడిగీత స్పష్టంగా కనబడింది. అది క్రాంకు దగ్గర మొదలవలేదు. ఎంతో పైన, సిలిండర్ హెడ్డు చివర డిస్ట్రిబ్యూటర్ అమర్చిన చోట మొదలై, గేర్‌బాక్సు మీదుగా కిందికి దిగి, అతుకు దగ్గర చుక్కగా పడుతోంది. టాపెట్ కవర్ మూల కూడా కొద్దిగా చెమ్మగా ఉంది. కింద నుండి చూసినవారికి అది వెనక సీలు లీకులాగే కనబడుతుంది. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే మొదట అనుమానించవలసినది.

బాగుచేసిన విధము

పెద్దాయన మొదట ఇంజను ఊపిరి గొట్టం, అనగా బ్రీదర్ పైపు విప్పి చూశారు. అది మురికితో సగం పూడిపోయి ఉంది. లోపలి గాలి బయటికి పోలేకపోతే ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్యాకింగ్‌ల గుండా ఆయిల్‌ను నెడుతుంది. దీన్ని శుభ్రం చేయకుండా ప్యాకింగ్‌లు మార్చితే కొన్నాళ్లకు మళ్లీ లీకే.

డిస్ట్రిబ్యూటర్ విప్పే ముందు అది ఏ వైపు తిరిగి ఉందో, లోపలి రోటర్ ఎటు చూస్తోందో మేకుతో గీత గీసి గుర్తుపెట్టారు. అది బయట ఉన్నంతసేపు ఇంజను తిప్పనివ్వలేదు. గుర్తు తప్పితే టైమింగ్ చెడి బండి స్టార్టు కాదు. ఎండకు, వేడికి గాజులా గట్టిపడిన పాత రబ్బరు రింగు తీసివేసి, కొత్త రింగుకు ఆయిల్ పూసి ఎక్కించారు.

టాపెట్ కవర్‌కు కొత్త ప్యాకింగ్ వేశారు. అది కూర్చునే అంచును ఇనుప బ్లేడుతో గీకనివ్వలేదు. అల్యూమినియం మీద గీతపడితే అక్కడే మళ్లీ కారుతుంది. బోల్టులను కొంచెం కొంచెంగా, సమానంగా బిగించారు. గట్టిగా బిగిస్తే లీకు ఆగుతుందనుకోవడం పొరపాటు. రేకు వంగి లీకు ఎక్కువవుతుంది. గమ్ము ఎక్కువగా పూసినా ప్రమాదమే; ముక్కలు లోపల పడి ఆయిల్ జల్లెడకు అడ్డుపడతాయి.

మొత్తం ఖర్చు 500 రూపాయలు దాటలేదు. పెద్దాయన కూలి అడగలేదు గానీ మేమే బలవంతంగా చేతిలో పెట్టాము.

ఇంటివారు గుర్తుంచుకోవలసినవి

వారానికొకసారి బండిని చదునైన నేల మీద నిలిపి, ఇంజను ఆపిన 5 నిమిషాల తరువాత డిప్‌స్టిక్ తుడిచి, మళ్లీ ముంచి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటించి పోయవద్దు. ఎర్ర ఆయిల్ దీపం చూసుకుందాంలే అనుకోవద్దు. అది చూపేది ఒత్తిడిని, మట్టాన్ని కాదు. దారిలో అది వెలిగితే వెంటనే పక్కకు ఆపి ఇంజను కట్టివేయండి. ఒట్టి జాకీని నమ్మి కారు కిందికి దూరకండి. పాత ఆయిల్‌ను కాలువలోగానీ, బావి పక్కనగానీ పోయవద్దు. డబ్బాలో పట్టి, కొనేవారికి అప్పగించండి. చెరువు పేరు పెట్టుకున్న మండలం మనది!

మిగిలిన ఒక్క పని

పని అయ్యాక కారు కాగితాల సంచి సర్దుతుంటే ఒక రసీదు కనబడింది. రెండేళ్ల క్రితమే ఆయన గేర్‌బాక్సు దింపించి, క్లచ్‌తోపాటు వెనక సీలు కూడా కొత్తది వేయించాడు. కాగితాలు ఇచ్చేటప్పుడు, "అన్నీ ఇందులో ఉన్నాయన్నా, ఒకసారి చూసుకోండి" అని చెప్పాడు కూడా. మేమే చూసుకోలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లి, జరిగినది దాచకుండా చెప్పి క్షమించమని అడిగాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు ఆ మాట ముందే చేరిందన్నా. మీరే వచ్చి చెప్పారు, చాలు" అని, మాకు మజ్జిగ తెప్పించారు. ఎవరి దగ్గర ఆయన్ను గురించి తప్పుగా అన్నామో, ఆ ముగ్గురి ఇళ్లకూ వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకున్నాము. బండి బాగుచేయడానికి ఒక పూట పట్టింది. దీనికి మూడు రోజులు పట్టింది.

ఆ గురువారం తెల్లవారుజామున అమ్మ వెనక సీట్లో కూర్చుని, "ఇవాళ పేపరు చూశారా?" అని అడిగింది. చూశాము. పొడిగా ఉంది.