వైద్యుని శిరస్త్రాణము

యుద్ధభూమికి పోవు వీరుడు శిరస్త్రాణము ధరించుట కథలలో చదివియున్నాము. రోగిని బ్రతికింపబూనిన వైద్యుడు సైతము నేడు శిరస్త్రాణము ధరించుచున్నాడు. అతనిపై వచ్చిపడు బాణములు కంటికి కానరావు. తగిలినపుడు నొప్పి యైనను తెలియదు. అవి ఎక్స్ కిరణములు.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరమున రాంట్‌జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొనెను. 1901లో భౌతికశాస్త్రమున మొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించినది. అయితే ఈ వరము వెంటనే శాపమును గూడ తెచ్చినది. ఎడిసన్ సహాయకుడైన క్లారెన్స్ డాలీ ఈ కిరణములతో పనిచేసి, చేతులు పోగొట్టుకొని, 1904లో మరణించెను. ఇట్లు బలియైనవారి స్మృతికై 1936లో హాంబర్గు నగరమున ఒక శిలాస్తంభమును నిలిపిరి. దానిపై మొదట చెక్కిన పేర్లు 169.

అవి తెలియనినాటి ప్రమాదములు గదా, నేడేమి భయమని అడుగవచ్చును. ఛాతీకి ఎక్స్‌రే తీయువాడు గోడచాటునకు పోయి మీట నొక్కును. హృద్రోగ వైద్యునకు ఆ వీలు లేదు. 1977లో జూరిచ్ నగరమున గ్రుంట్‌జిగ్ అను వైద్యుడు హృదయ రక్తనాళములోనికి బుడగ గల సన్నని గొట్టమును పంపి, ఇరుకైన దారిని వెడల్పు చేసెను. అదియే ఆంజియోప్లాస్టీ. గొట్టము ఎచ్చటికి పోయినదో తెరపై చూచుచు చేతితో నడుపవలెను గనుక, వైద్యుడు రోగి చెంతనే నిలువక తప్పదు.

కిరణములను పుట్టించు యంత్రభాగము సాధారణముగా రోగి పరుండిన బల్లక్రింద నుండును. దాని కిరణములలో కొన్ని రోగి శరీరమునకు తగిలి నలుదెసలకు చెదరును. వైద్యునకు ముప్పు ముఖ్యముగా వీనివలననే. ఏప్రన్ అను సీసపు కవచము మొండెమును, పట్టీ కంఠమును కాచును. సీసము కలిసిన కంటియద్దములు కూడ కలవు. ఇక మిగిలినది తల.

2013లో ఇజ్రాయెల్ దేశపు వైద్యుడు ఏరియల్ రోగ్విన్, ఆయన సహచరులు ఇట్టి చికిత్సలు చేయు వైద్యులలో మెదడునందో మెడయందో కంతులు ఏర్పడిన 31 మంది వృత్తాంతములను ప్రకటించిరి. కంతి ఏ వైపున నున్నదో తెలిసినవారు 26 మంది. వారిలో 22 మందికి అది ఎడమవైపున నుండెను. పనివేళ వైద్యుని ఎడమవైపే సాధారణముగా కిరణములకు దగ్గర. ఇంతమాత్రమున కిరణములే కారణమని రుజువు కాలేదు. కాని త్రోసిపుచ్చదగిన సంగతియు కాదు.

అందుచేత బేరియం, బిస్మత్ మున్నగు పదార్థములు కూర్చిన టోపీలు వెలసినవి. 2015లో ప్రకటితమైన ఒక పరిశోధనలో 11 మంది వైద్యుల టోపీల వెలుపలను లోపలను కిరణమాపకముల నుంచి చూచిరి. వెలుపల ఎడమవైపున కిరణములు హెచ్చుగా నుండెను. లోపల మిక్కిలి తగ్గెను. టోపీ గెలిచినట్లే తోచినది.

అయితే మాపకము చెప్పినది టోపీ అడుగున నున్న చర్మము మాట. మెదడు మాట కాదు. 2017లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు తల నమూనాలతో పరీక్షింపగా, మెదడు నడిభాగమునకు చేరు కిరణములను టోపీ నూటికి సుమారు 3 పాళ్లు మాత్రమే తగ్గించినట్లు తేలినది. చెదరిన కిరణములు క్రిందినుండి పైకి వచ్చును. గొడుగు పట్టినవాడు వానకు తడియడు. కాలువలో దిగినచో గొడుగున్నను తడియక మానడు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. గదిని చీకటిచేసి, బల్లపై దీపమునుంచి, టోపీ ధరించిన విద్యార్థిని చెంత నిలుపుడు. టోపీ తాను కప్పినంతమేర కాచును. వెలుగు మాత్రము గడ్డము క్రిందను చెంపలమీదను పడుచునే యుండును. ఆ వెలుగునకు మాంసమును ఎముకను దాటు శక్తి యున్నచో మెదడును చేరకుండునా? ఇప్పుడు దీపమునకు ముఖమునకు నడుమ ఒక అట్టను పట్టుడు. ముఖమంతయు నీడలోనికి వచ్చును.

ఆ అట్టవంటిదే చికిత్సాగృహపు కప్పునుండి వ్రేలాడు సీసము కలిసిన పారదర్శక ఫలకము. దానిని రోగికి చేరువగా సరియైనచోట నిలిపినచో వైద్యుని మెదడును, కన్నులను, కంఠమును ఒక్కమారుగా కాచును. దూరము కూడ కవచమే: కిరణములు పుట్టు చోటికి దూరము రెండింతలైనచో వాని తాకిడి సుమారు నాల్గవ వంతునకు తగ్గును. ప్రక్కన నిలుచు నర్సునకు ఒక అడుగు వెనుకకు వేయుటయు రక్షణయే. అవసరము తీరిన క్షణముననే కిరణముల మీటపైనుండి కాలు తీయుట మరియొకటి.

టోపీని పారవేయవలెనని దీని భావము కాదు. అది కాచునది కొంత కలదు. కాని అది తలపై నున్నదను ధీమాతో ఫలకమును మూలకు నెట్టినవాడు మోసపోవును. ఆపద ఏ దిక్కునుండి వచ్చునో ఎరిగి ఆ దిక్కుననే అడ్డు నిలుపవలెను. ఆసుపత్రులవారు క్రొత్త టోపీలు కొనునపుడు, కప్పునుండి వ్రేలాడు ఆ ఫలకము పనివేళ తన చోట నున్నదో లేదో ఒకసారి చూచుకొనుట మేలు.